ఊరి పక్కన ఎయిర్‌పోర్ట్, ఊళ్లో పంచాయతీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లాలో కావలి, దగదర్తి వైపు ఏ టీ అంగడి దగ్గర కూర్చున్నా ఎయిర్‌పోర్ట్ మాటే. దామవరం దగ్గర విమానాశ్రయం వస్తుందని మొదటిసారి విని పదేళ్లు దాటింది, 2019 జనవరిలో శంకుస్థాపన కూడా అయింది, ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి, మళ్లీ ఫైళ్లు కదిలాయి. ఈ లోపల పొలం ఉన్నోళ్లు బోరు వేయాలా వద్దా, నిమ్మ మొక్క పెట్టాలా వద్దా అని తేల్చుకోలేక ఏళ్లు గడిపారు. నేను లాయర్ని కాదు. ఒక టర్మ్ వార్డు మెంబరుగా చేశాను, ఊళ్లో వాళ్ల కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాను. పదే పదే అడిగే ప్రశ్నలకు ఒక్కచోట జవాబు రాసి పెడితే ఫోన్‌లో చదువుకుంటారని ఇది రాస్తున్నా.

మా పంచాయతీ వద్దని తీర్మానం చేస్తే ఎయిర్‌పోర్ట్ ఆగిపోతుందా?

ఆగదు. ముందు ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే "తీర్మానం పాస్ చేశాం, ఇక మనకేం కాదు" అని ఇంటికెళ్లి నిద్రపోయి, చేయాల్సిన అసలు పని చేయకుండా నష్టపోయిన ఊళ్లు ఉన్నాయి.

రాజ్యాంగంలో విమానాశ్రయాలు కేంద్ర జాబితాలో 29వ అంశం. భూసేకరణ ఉమ్మడి జాబితాలో 42వ అంశం. పంచాయతీలు, మున్సిపాలిటీలు రాష్ట్ర జాబితాలో 5వది. అంటే విమానం ఎక్కడ దిగాలో చెప్పేది ఢిల్లీ, భూమి సేకరించేది ఎక్కువగా రాష్ట్రం తరఫున కలెక్టర్, మన పంచాయతీ చేతిలో ఉండేది ఊరి పనులు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే ఏజెన్సీలో, భూమి తీసుకోవాలంటే గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ చెబుతుంది. నెల్లూరు, ఒంగోలు వైపు మన ఊళ్లు ఆ లెక్కలోకి రావు. మనల్ని సంప్రదించాలి, మన మాట రాసుకోవాలి, అంతవరకే.

మరి తీర్మానం దేనికి?

ఆ రాసుకోవడం కోసమే. రేపు ఫైలు కలెక్టరేట్‌కి పోయినా, హైకోర్టుకి పోయినా, ఊరు ఏమనుకుందో చెప్పడానికి మిగిలేది మినిట్స్ బుక్, అంటే సభలో జరిగింది రాసే పుస్తకం, ఒక్కటే. సభలో ఎంత గట్టిగా అరిచినా అది బుక్కులోకి ఎక్కకపోతే అననట్టే లెక్క.

చాలా ఊళ్లలో తీర్మానం ఎలా రాస్తారో చూశాను. "మా గ్రామమునకు విమానాశ్రయము వద్దని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది." ఒక్క లైను, కింద సంతకాలు, వేలిముద్రలు. ఇది చదివిన అధికారి చేసేదేం లేదు, "గ్రామస్తులు వ్యతిరేకించారు" అని ఇంకో ఒక్క లైను రాసి ముందుకు పోతాడు. దాని బదులు ఇట్లా రాయండి: ఫలానా సర్వే నంబర్ల మీదుగా మా చెరువుకు నీళ్లొచ్చే వాగు పోతుంది, చెరువు కింద ఇన్ని ఎకరాల ఆయకట్టు ఉంది, ప్రహరీ గోడ కడితే వాన నీళ్లు ఎస్సీ కాలనీ వైపు తిరుగుతాయి, వాగును ఎట్లా మళ్లిస్తారో డిజైన్ గ్రామసభకు చూపించాలని కోరుతున్నాం. శ్మశానానికి పోయే డొంక ఫలానా నంబర్‌లో ఉంది, దానికి బదులు దారి ఎక్కడిస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. ఇట్లా రాస్తే దానికి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతే మీ కేసుకు బలం.

ఎయిర్‌పోర్ట్ కావాలనేవాళ్లు కూడా ఊళ్లో ఉంటారు, వాళ్లూ మనవాళ్లే. అమెరికాలో కొడుకున్న మేష్టారు చెన్నై దాకా పోకుండా ఇంటికొస్తే చాలంటాడు, అందులో తప్పేముంది. వాళ్ల మాట కూడా అదే బుక్కులో రాయించండి. రెండు వైపులా రాసిన తీర్మానాన్ని రాజకీయం అని పక్కన పడేయడం కష్టం.

గ్రామసభ, పంచాయతీ మీటింగ్ ఒకటేనా?

కాదు. పంచాయతీ మీటింగ్‌లో సర్పంచ్, వార్డు మెంబర్లు కూర్చుంటారు. 1994 పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ. ఓటు ఉందా, మీరు గ్రామసభ సభ్యులే, మిమ్మల్ని ఎవరూ పిలవక్కర్లేదు. ఆడవాళ్లు వెనక నిలబడి వినిపోవడం చూస్తుంటాను. నీళ్లు, దారి, పశువులు, ఇంటి దగ్గర పాక, వీటి గురించి వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు. ముందుకొచ్చి కూర్చోండమ్మా, పేరు చెప్పి మాట్లాడండి, కార్యదర్శి రాసుకున్నాడో లేదో అక్కడే చదివించుకోండి.

మాకు చెప్పకుండానే నోటిఫికేషన్ ఇచ్చేస్తారా?

చట్టం ప్రకారం అయితే ఇవ్వకూడదు. 2013 చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్, అంటే ఫలానా భూములు తీసుకోబోతున్నామనే ప్రకటన, గెజిట్‌లో రావాలి, రెండు దినపత్రికల్లో రావాలి, అందులో ఒకటి తెలుగుది కావాలి, పంచాయతీ ఆఫీసులో, తహసీల్దార్, ఆర్డీవో, కలెక్టర్ ఆఫీసుల్లో తెలుగులో అంటించాలి, వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇంకో ముఖ్యమైన మాట అదే సెక్షన్‌లో ఉంది: నోటిఫికేషన్ వచ్చిన వెంటనే అందుకోసమే ప్రత్యేకంగా గ్రామసభ పెట్టి అందులో ఏముందో ఊరికి చెప్పాలి. ఈ సంగతి చాలామంది సర్పంచ్‌లకే తెలియదు. సభ పెట్టకపోతే పెట్టమని పంచాయతీ తరఫున లెటర్ రాసి, అందినట్టు స్టాంపు వేయించుకోండి.

కానీ కాగితం అంటించడం వేరు, మన కంట పడటం వేరు. కొన్నేళ్ల కింద వేరే ప్రాజెక్టుకు మా నాన్న పొలంలో ముప్పై సెంట్లు పోయాయి. నోటీసు ఆఫీసు బోర్డుకు అంటించారు, నిజమే. దాని మీద పింఛన్ల లిస్టు అంటించారు, ఆ లిస్టు మీద ఇంకేదో. వాన జల్లుకు అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మేం చూసేసరికి అభ్యంతరం చెప్పే గడువు అయిపోయి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులు మా నాన్న చనిపోయేదాకా లెక్కపెట్టుకున్నాడు. అందుకే చెబుతున్నా, వారానికి ఒకరు వంతు వేసుకుని బోర్డు చూడండి, ఏ కాగితం కనిపించినా ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టండి.

గడువు ఎన్ని రోజులు? ఏం రాయాలి?

ప్రాథమిక నోటిఫికేషన్ ప్రచురించిన రోజు నుంచి 60 రోజులు. ఇది 15వ సెక్షన్. భూమి మీద హక్కు, ఆసక్తి ఉన్నవాళ్లు ఎవరైనా కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. మూడు విషయాల మీద చెప్పుకోవచ్చు: ఇంత భూమి, అదీ ఇక్కడే ఎందుకు; ఇది నిజంగా ప్రజా ప్రయోజనమేనా; సామాజిక ప్రభావ అంచనాలో (దీని సంగతి కింద చెబుతా) రాసింది నిజమేనా. డబ్బు చాలదన్న మాట ఇక్కడ మొదలుపెట్టొద్దు, దానికి వేరే ఘట్టం ఉంది.

అభ్యంతరం ఇచ్చిన ప్రతి ఒక్కరి మాటా కలెక్టర్ విచారించాలి. మీరే వెళ్లొచ్చు, మీ తరఫున ఎవరినైనా పంపొచ్చు, లాయర్‌ను పెట్టుకోవచ్చు. అందరూ ఒకే జిరాక్స్ కాగితం మీద సంతకాలు పెట్టి ఇస్తుంటారు, దానికన్నా ఎవరి పొలం సంగతి వాళ్లు సొంతంగా అరపేజీ రాసినా మేలు. పట్టాదారు పాస్‌బుక్, 1బి, అడంగల్ (భూమి ఎవరిది, ఎవరు సాగుచేస్తున్నారు అని చూపే రెవెన్యూ రికార్డులు) కాపీలు జతచేయండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.

నోటిఫికేషన్ వచ్చాక పొలం అమ్ముకోవచ్చా?

ప్రాథమిక నోటిఫికేషన్‌లో ఉన్న భూమిని సేకరణ పూర్తయ్యేదాకా అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదు. ప్రత్యేక పరిస్థితి ఉంటే కలెక్టర్‌కు రాసుకుని మినహాయింపు అడగొచ్చు. పెళ్లికో వైద్యానికో ఆ పొలాన్నే నమ్ముకున్నవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

సామాజిక ప్రభావ అంచనా అంటే ఏంటి? దాన్లో పంచాయతీ పాత్ర ఉందా?

ఉంది, చాలా ఉంది. భూమి తీసుకునే ముందే ఎన్ని కుటుంబాలు దెబ్బతింటాయి, ఎంత భూమి తప్పనిసరి, వేరే చోటు చూశారా, బడి, చెరువు, మేత భూమి ఏమవుతాయి, ఇవన్నీ పంచాయతీని సంప్రదించి అధ్యయనం చేయాలి, ఆరు నెలల్లో పూర్తి చేయాలి, ఊళ్లోనే బహిరంగ విచారణ పెట్టాలి, నివేదిక తెలుగులో ఇవ్వాలి. ఆ నివేదికను పరిశీలించే నిపుణుల బృందంలో పంచాయతీ లేదా గ్రామసభ ప్రతినిధులు ఇద్దరు ఉండాలని 7వ సెక్షన్ చెబుతోంది. లాభం కన్నా నష్టం ఎక్కువని ఆ బృందం తేలిస్తే ప్రాజెక్టు వదిలేయమని సిఫార్సు చేయొచ్చు. అయినా ప్రభుత్వం ముందుకు పోవాలనుకుంటే కారణాలు రాతలో చెప్పాలి. ఊరికి దొరికే కుర్చీల్లో అన్నిటికన్నా విలువైనవి ఆ రెండు. అక్కడికి పార్టీ జెండా చూసి పంపొద్దు, సర్వే నంబర్లు నోటికొచ్చినవాళ్లని, అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా లేవని వాళ్లని పంపండి.

అయితే ఒక సంగతి. మన రాష్ట్రం 2018లో ఈ కేంద్ర చట్టానికి సవరణ తెచ్చుకుంది. దాని ప్రకారం కొన్ని రకాల ప్రాజెక్టులకు ఈ సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది. మౌలిక వసతుల పేరు మీద ఎయిర్‌పోర్ట్ కూడా అందులోకి రావచ్చు. నా వరకు ఇది ఊళ్లకు జరిగిన పెద్ద అన్యాయం, ఏం పోతుందో లెక్కేయకుండా పరిహారం ఎట్లా లెక్కేస్తారు? కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: మా ఊరి భూసేకరణకు మినహాయింపు ఇచ్చారా, ఇస్తే ఆ ఉత్తర్వు కాపీ ఇవ్వండి.

70 శాతం మంది ఒప్పుకుంటేనే భూమి తీసుకోవాలంట కదా?

ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టే ప్రాజెక్టు అయితే భూమి, ఆస్తి పోయే కుటుంబాల్లో 70 శాతం, పూర్తిగా ప్రైవేటుదైతే 80 శాతం సమ్మతి కావాలని 2013 చట్టంలో ఉంది. పూర్తిగా ప్రభుత్వమే కడితే ఈ నిబంధన లేదు. పైన చెప్పిన 2018 సవరణతో సమ్మతి నుంచి కూడా మినహాయింపు ఇచ్చే దారి ఉంది. సమ్మతి కాగితం మీద ఖాళీలు వదిలి సంతకం పెట్టొద్దు. "ఊరికే హాజరు సంతకం అన్నా" అని చెప్పినా సరే, పైన ఏం రాసుందో పక్కనోళ్లతో చదివించుకోండి.

పరిహారం ఎట్లా లెక్కేస్తారు?

ఉదాహరణతో చెబుతా. ఎకరా మార్కెట్ విలువ 8 లక్షలని తేల్చారనుకుందాం. పల్లెటూళ్లలో దీన్ని 1 నుంచి 2 మధ్య ఒక అంకెతో గుణిస్తారు, ఆ అంకె రాష్ట్రం నిర్ణయిస్తుంది. 1.25 అనుకుంటే 10 లక్షలు. బోరు, చెట్లు, పాక కలిపి ఇంకో లక్ష. మొత్తం 11 లక్షలు. దీని మీద నూటికి నూరు శాతం సొలేషియం (భూమి పోయినందుకు ఊరటగా ఇచ్చే సొమ్ము), అంటే ఇంకో 11 లక్షలు. 22 లక్షలైంది. ఇది కాక, మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున, సామాజిక ప్రభావ అంచనా నోటిఫికేషన్ దగ్గర నుంచి అవార్డు (కలెక్టర్ పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) లేదా భూమి స్వాధీనం, ఏది ముందైతే దాని దాకా అదనంగా వస్తుంది.

అసలు గొడవంతా ఆ మొదటి 8 లక్షల దగ్గరే. దాన్ని ఎట్లా తేలుస్తారంటే, రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ చూస్తారు, చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర ఉన్న సగం డాక్యుమెంట్ల సరాసరి చూస్తారు, ఏది ఎక్కువైతే అది. ఇక్కడే మనం మన కాళ్లు నరుక్కున్నాం. ఎకరా 25 లక్షలకు కొని, స్టాంపు డ్యూటీ మిగులుతుందని 6 లక్షలకు డాక్యుమెంట్ రాయించుకోవడం మా వైపు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మిగతా డబ్బు చేతులు మారింది గానీ కాగితం మీద లేదు. రేపు ఊరంతటికీ ఆ 6 లక్షలే ప్రమాణం అవుతుంది, అమ్మినవాడికి కాదు, కొన్నవాడికి కాదు, ఎప్పుడూ పొలం అమ్మని పక్క రైతుకి కూడా. ఇకముందైనా ఉన్న ధర ఉన్నట్టు రాయించండి. ఇప్పటికే అట్లా అయిపోయి ఉంటే, ఎక్కువ ధరకు రాసిన డాక్యుమెంట్లు చుట్టుపక్కల ఏమున్నాయో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించి, వాటి కాపీలు విచారణలో ఇవ్వండి.

చెట్లు, బోర్లు ఎవరు లెక్కపెడతారు?

నిమ్మ, మామిడి లాంటి పండ్ల తోటలకు ఉద్యానవన శాఖ, కలప చెట్లకు అటవీ శాఖ, ఇళ్లకు, పాకలకు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) ఇంజినీర్లు విలువ కడతారు. లెక్కపెట్టే రోజు మీరు పొలంలో ఉండాలి. మా పెదనాన్న వాళ్ల తోటకు ఇట్లాగే వేరే పనికి లెక్కకు వచ్చారు. మా పెద్దమ్మకు చదువు లేదు. ముందు రోజు సాయంత్రం ఒక్కో నిమ్మ చెట్టు దగ్గర ఆగి, ఒక్కో చింతగింజ పాత హార్లిక్స్ డబ్బాలో వేసుకుంటూ తోటంతా తిరిగింది. మర్నాడు వాళ్లు చదివిన అంకె తక్కువొచ్చింది. ఆమె ఏం వాదించలేదు, డబ్బా తెచ్చి అధికారి ముందు గట్టు మీద గింజలు పోసి పదేసి కుప్పలు పెట్టింది. మళ్లీ లెక్కపెట్టారు, వెనకవైపు రెండు వరసలు వదిలేశారని తేలింది. ఇప్పుడు చింతగింజలు అక్కర్లేదు, ఫోన్‌లో వీడియో తీయండి, తేదీ పడేలా. కానీ ముందు రోజే మీ లెక్క మీ దగ్గర ఉండాలి.

పొలం మాది కాదు, కౌలుకు చేస్తున్నాం. మాకేమైనా వస్తుందా?

వస్తుంది. భూమి యజమానికే పరిహారం అనుకుని చాలామంది నోరు మెదపరు. చట్టంలో "ప్రభావిత కుటుంబం" అనే మాటకు అర్థం పెద్దది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, బతుకుతెరువు దాని మీదే ఆధారపడిన కౌలుదారులు, పాలికి చేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తుల వాళ్లు కూడా అందులోకి వస్తారు. నీటి వనరుల మీద బతికేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు కూడా వస్తారు. రెండో షెడ్యూల్ ప్రకారం ప్రాజెక్టులో ఉద్యోగం, లేదా కుటుంబానికి ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకు కనీసం 2,000 చొప్పున 20 ఏళ్లు, వీటిలో ఒకటి కోరుకోవచ్చు. ఇల్లు కూడా ఖాళీ చేయాల్సి వస్తే ఇల్లు, ఏడాది పాటు నెలకు 3,000, రవాణాకు 50,000, మళ్లీ స్థిరపడటానికి ఇంకో 50,000 ఉంటాయి.

ఇక్కడ మా యానాదుల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చెరువు కట్ట మీద, తోటల కాపలాకు, రొయ్యల గుంటల దగ్గర రెండు మూడు తరాలుగా ఉన్న కుటుంబాలకు ఇంటి పట్టా లేదు, కొందరికి ఆధార్ కూడా ఆలస్యంగా వచ్చింది. సర్వే బృందం వచ్చిన రోజు వాళ్లు పనికి ఎక్కడికో పోయి ఉంటారు, పాక తాళం వేసి ఉంటే "నివాసం లేదు" అని రాసేస్తారు. ఓటర్ల జాబితా, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, పిల్లల బడి రిజిస్టర్, కరెంటు బిల్లు, ఏది ఉంటే అది మూడేళ్ల నాటిది తీసి పెట్టాలి. ఏదీ లేకపోతే ఆ కుటుంబాల పేర్లు గ్రామసభలో చదివి తీర్మానంలో ఎక్కించండి. ఈ ఒక్క పని పంచాయతీ సరిగ్గా చేసినా చాలా కుటుంబాలు నిలబడతాయి. కౌలు రైతులు పంట సాగుదారు హక్కు పత్రం ప్రతి ఏడాదీ తీసుకోండి, యజమాని సంతకం పెట్టనంటే సర్పంచ్‌ను పక్కన కూర్చోబెట్టి అడగండి.

మాది అసైన్డ్ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చింది). పరిహారం రాదంటున్నారు.

రాదనే మాట తప్పు. అసైన్డ్ పట్టా ఉన్నవాళ్లను కూడా 2013 చట్టం భూ యజమాని నిర్వచనంలోకి తెచ్చింది. పట్టా కాగితం పోయి ఉంటే తహసీల్దార్ ఆఫీసులో అసైన్‌మెంట్ రిజిస్టర్ నకలు అడగండి.

చెక్కు తీసుకుంటే ఇక కోర్టుకు పోకూడదా?

దీన్ని ఇంట్లో గోడ మీద రాసి పెట్టుకోండి. డబ్బు తీసుకునేటప్పుడు "చాలదు, నిరసనతో తీసుకుంటున్నాను" అని రాసి తీసుకుంటే, ఎక్కువ కోసం అడిగే హక్కు మీకు మిగులుతుంది. ఆ మాట రాయకుండా తీసుకుంటే 64వ సెక్షన్ కింద దరఖాస్తు చేసే హక్కు పోతుంది. అవార్డు చెప్పేటప్పుడు మీరు అక్కడ ఉంటే ఆరు వారాల్లో దరఖాస్తు చేయాలి. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. ఇంకో సంగతి, "సమ్మతి అవార్డు" అని చెప్పి ఒప్పంద పత్రం మీద సంతకం తీసుకుంటే ఆ తర్వాత ఎక్కువ అడగడం చాలా కష్టం. డబ్బు తొందరగా వస్తుంది, అది నిజం, అప్పులున్నవాళ్లకు అదే ఆశ. కానీ తొందరకు ఎంత వదులుకుంటున్నారో ముందు లెక్కేసుకోండి.

పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ ఇంకోటి ఉంటుందా?

ఉంటుంది, అది వేరే. 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద ఎయిర్‌పోర్ట్‌కు ముందస్తు అనుమతి కావాలి. కాలుష్య నియంత్రణ మండలి ఈ సభ పెడుతుంది, కలెక్టర్ లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు, కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి, నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి, సభ మొత్తం వీడియో తీయాలి. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి, ఆ చదివేదాకా లేచిపోవద్దు. మధ్యాహ్నం భోజనాల వేళకు జనం పలచబడతారు, అప్పుడే చదువుతారు. మీరు అన్నమాట తప్పుగా రాస్తే అక్కడే చెప్పండి. అనుమతి ఇచ్చాక దాని మీద అప్పీలు వేయాలంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, 30 రోజుల్లోపు. మనకు చెన్నై బెంచ్, రైలెక్కితే పొద్దున పోయి రాత్రికి రావచ్చు.

చెరువు, వాగు సంగతి ఏంటి?

నన్నడిగితే మన జిల్లాలో ఇదే మొదటి ప్రశ్న కావాలి. మనకు వాన నవంబరులో, ఈశాన్య రుతుపవనాలకు, తుఫానులకు ఒక్కసారిగా కుమ్ముతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు, పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు తెగిపోయి మద్రాసు, విజయవాడ మధ్య రాకపోకలే ఆగిపోయాయి. నీళ్లు తమ దారి మర్చిపోవు. వెయ్యి ఎకరాలు చదును చేసి, రన్‌వే పోసి, చుట్టూ గోడ కడితే ఇంతకాలం కయ్యల్లో ఇంకిన నీళ్లు ఎక్కడికి పోవాలి? ఏ చెరువు కలుజు (నిండిన నీళ్లు బయటికి పొర్లే చోటు) మీద ఎంత భారం పడుతుంది? ఏ కాలనీ మునుగుతుంది? గుంటూరు నుంచో హైదరాబాద్ నుంచో వచ్చిన కన్సల్టెంట్‌కు ఎండాకాలంలో వాగు కనిపించదు, ఇసుక చార కనిపిస్తుంది. 2015లో, 2021లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద గుర్తులు ఇంకా ఉన్న ఇళ్లు ఉంటే ఫోటోలు తీసి, పెద్దవాళ్లతో చెప్పించి, ఊరి పటం మీద గీసి ఆ నివేదికకు జతచేయించండి.

ఎయిర్‌పోర్ట్ వచ్చాక పంచాయతీకి కొత్త తలనొప్పులు ఏమైనా ఉంటాయా?

ఉంటాయి. విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపల బహిరంగంగా పశువులను కోయడం, చెత్త, మాంసం, చేపల వ్యర్థాలు పారేయడం 1937 నాటి విమాన నిబంధనల్లో 91వ నిబంధన ప్రకారం నిషేధం. పక్షులు వస్తాయి, ఇంజిన్‌కు తగులుతాయి, అదీ భయం. చికెన్ అంగళ్ల వ్యర్థాలు ఊరి చివర గుంతలో వేసే అలవాటు, చనిపోయిన రొయ్యలు గుంట గట్టున పోసే అలవాటు రెండూ మానుకోవాల్సి వస్తుంది. మంచిదే, కానీ వాటిని ఎక్కడ వేయాలో చోటు, బండి, డబ్బు పంచాయతీకి ఎవరిస్తారని ఇప్పుడే తీర్మానంలో అడగండి, అంగడి పెట్టుకుని బతికేవాడి మీద తర్వాత జరిమానా వేయడం కాదు. ఇళ్లు, సెల్ టవర్లు ఎంత ఎత్తు కట్టొచ్చో కూడా రంగుల మ్యాప్ వస్తుంది, అది దాటితే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి కావాలి.

ఎయిర్‌పోర్ట్ పక్కన ప్లాట్లు అమ్ముతున్నారు, కొనొచ్చా?

కొనేముందు మూడు చూడండి: నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్ అనుమతి ఉందా, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉందా, ఆ సర్వే నంబరు సేకరణ జాబితాలో లేదు కదా. సర్పంచ్ సంతకం చేసిన కాగితం లేఅవుట్ అనుమతి కాదు. అంకణం (మా వైపు స్థలం కొలిచే లెక్క) ఇంత అని బ్రోచర్ చూపించి, రన్‌వే బొమ్మ వేసి, అడ్వాన్సు ఇవ్వమని తొందరపెడితే ఆగండి. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి పంపిన డబ్బులు ఇట్లాంటి రాళ్లు పాతిన పొలాల్లో ఇరుక్కుపోయినవాళ్లు నాకు తెలుసు.

భూమి తీసుకుని ఏమీ కట్టకపోతే?

స్వాధీనం చేసుకున్న తేదీ నుంచి ఐదేళ్లు వాడకపోతే అసలు యజమానికో, వారసులకో, లేదా ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకో తిరిగి పోవాలని 101వ సెక్షన్ చెబుతుంది. "లేదా" అన్న ఆ చిన్న మాట వల్ల రైతుకే వస్తుందన్న గ్యారంటీ లేదు.

ఏ కాగితమూ ఇవ్వడం లేదు. ఎట్లా తెచ్చుకోవాలి?

సమాచార హక్కు చట్టం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు. "ఎయిర్‌పోర్ట్ వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. ఫలానా తేదీ గ్రామసభ మినిట్స్ నకలు, ఫలానా సర్వే నంబర్ల ఉమ్మడి సర్వే నివేదిక, మా ఊరి ప్రభావిత కుటుంబాల జాబితా, ఇట్లా కాగితం పేరు చెప్పి అడగండి.

సర్పంచ్ మా మాట రాయనంటున్నాడు. ఏం చేయాలి?

సభలో మాట్లాడేముందే మీ మాట ఒక కాగితం మీద రాసుకుని పోండి. మాట్లాడాక ఆ కాగితాన్ని కార్యదర్శికి ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. తీసుకోకపోతే అదే రోజు ఎంపీడీవోకి, జిల్లా పంచాయతీ అధికారికి రిజిస్టర్డ్ పోస్టు చేయండి. సర్పంచ్‌తో పోట్లాడాల్సిన పని లేదు, రేపు నీళ్ల ట్యాంకు కోసం మళ్లీ ఆయన దగ్గరికే పోవాలి.

మేం బెంగళూరులో ఉంటాం, ఊళ్లో రెండెకరాలుంది. ఏం చేయాలి?

ముందు 1బి, అడంగల్ ఆన్‌లైన్‌లో తీసి చూడండి. తాతగారి పేరు మీదే ఉందేమో, విస్తీర్ణం తేడా ఉందేమో. చనిపోయినవాళ్ల పేరు మీద ఉంటే మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) ఇప్పుడే చేయించండి, అవార్డు టైమ్‌కు అన్నదమ్ముల మధ్య తేలకపోతే డబ్బు మీ చేతికి రాకుండా డిపాజిట్‌లో ఉండిపోతుంది. మీ ఫోన్ నంబరు, ఇప్పటి అడ్రసు తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. ఊళ్లో నమ్మకమైన ఒకరికి, పొలం చేసే కౌలుదారే అయితే ఇంకా మంచిది, పంచాయతీ బోర్డు మీద కొత్త కాగితం అంటించిన రోజే ఫోటో పంపమని చెప్పి పెట్టండి. 60 రోజులు లెక్క మొదలయ్యేది ఆ కాగితం బయటికొచ్చిన రోజు నుంచి, మీరు సంక్రాంతికి ఊరొచ్చిన రోజు నుంచి కాదు.